సర్టిఫికెట్ బాగుంది, రెన్యూవల్ అవసరం లేదు

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుండగా, ఒక మే నెల మొదటి తారీఖున, బెల్లంపల్లి నుంచి గోదావరిఖని ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయానికి బదిలీ మీద వచ్చాను. హోదా డిప్యూటీ మేనేజర్, సిస్టమ్స్ విభాగం. బొగ్గు కంపెనీలో సిస్టమ్స్ అంటే గనిలోకి దిగనక్కరలేని ఉద్యోగం. హాజరు మస్టర్లు, స్టోర్సు ఇండెంట్లు, క్వార్టర్ల కేటాయింపు, ఇవన్నీ కంప్యూటర్ల మీద ఆగకుండా నడిచేలా చూడటం మా పని. నా కింద ఇద్దరు ఆపరేటర్లు, పైన ఒక ఏజీఎం ఉండేవారు. ముప్ఫై ఏళ్ల పైచిలుకు సర్వీసులో నేను భూగర్భంలోకి దిగింది ఒక్కసారే, ట్రైనింగులో ఉన్నప్పుడు.

వచ్చిన కొన్నాళ్లకే నాకు అప్పగించిన పని ఏరియా హాస్పిటల్ రిఫరల్ వెబ్ పేజీ. మా హాస్పిటల్లో లేని వైద్యం కావలసినప్పుడు సూపరింటెండెంట్ సంతకంతో రోగిని కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పంపుతారు. రోగి చేతికి ఒక ఉత్తరం, దానిమీద ఒక నంబరు ఇస్తారు. అవతలి ఆసుపత్రి కౌంటర్‌లో ఉన్నవాళ్లు మా పేజీ తెరిచి, తమ పాస్‌వర్డ్ కొట్టి, ఆ నంబరు వేస్తే మంజూరు కాగితం ప్రింటు వస్తుంది. వెళ్లిన ప్రతిసారీ ఆ ప్రింటు ఉంటేనే బెడ్డు. అంతకుముందు ఈ పని ఫ్యాక్సుల మీద నడిచేది, ఒక్కో కేసుకు ఒక పూట పట్టేది. పేజీ వచ్చాక రెండు నిమిషాల పని అయింది. దాన్ని నేనే తయారుచేశాను. ఆ సంగతి నలుగురిలో చెప్పుకొనేదాన్ని కూడా.

ఇలాంటి పేజీకి భద్రతా సర్టిఫికెట్ ఒకటి ఉండాలి. అది ఆ పేజీకి గుర్తింపు కార్డు లాంటిది. ఈ చిరునామాలో ఉన్నది నిజంగా ఫలానా సర్వరే, మధ్యలో మరొకరు దూరలేదు అని పేజీ తెరిచినవాళ్ల బ్రౌజర్‌కు అది హామీ ఇస్తుంది. మేము వాడినది ఉచితంగా వచ్చే రకం. గడువు తొంభై రోజులు. తొంభై రోజులకోసారి మనిషి గుర్తుపెట్టుకుని తెచ్చుకోవడం అయ్యే పని కాదు కాబట్టి దానికొక స్క్రిప్టు రాస్తాం. స్క్రిప్టు అంటే కంప్యూటర్ తనంతట తాను వరసగా చేసుకుపోవలసిన పనుల జాబితా. నా స్క్రిప్టు రోజూ తెల్లవారుజామున లేచి సర్టిఫికెట్ గడువు చూసేది. ముప్ఫై రోజుల లోపు ఉంటే కొత్తది తెచ్చి ఫోల్డర్‌లో పెట్టి, దాన్ని చదువుకొమ్మని సర్వర్‌కు చెప్పి, చేసిన పనిని లాగ్ ఫైలులో ఒక వాక్యంగా రాసి పడుకునేది. దాదాపు రెండేళ్లు అది ఒక్క రోజు తప్పలేదు. అసలు అలాంటిది ఒకటి ఉందని నేనే మరిచిపోయాను.

వచ్చి రెండేళ్లు కావస్తుండగా, వేసవిలో ఒక సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు, ఏరియా హాస్పిటల్ రిఫరల్ గుమాస్తా నా సెల్ నంబరిస్తే ఒక ఫోన్ వచ్చింది. కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ నుంచి. మాట్లాడుతున్నది సంధ్య అనే ఉద్యోగిని. మా పేజీ తెరిస్తే ఎర్రగా హెచ్చరిక వస్తోందని, ఈ సైటు సురక్షితం కాదంటోందని చెప్పింది. నా బల్లమీది కంప్యూటర్లో తెరిచి చూశాను. మామూలుగానే వచ్చింది. సర్వర్‌లో సర్టిఫికెట్ ఫైలు చూశాను. ఇంకా రెండు నెలల గడువుంది. లాగ్ ఫైలు చూశాను. ఆ తెల్లవారుజామున రాసిన వాక్యం స్పష్టంగా ఉంది: ‘సర్టిఫికెట్ బాగుంది, రెన్యూవల్ అవసరం లేదు.’ 

మీ కంప్యూటర్లో తారీఖు తప్పుగా ఉండి ఉంటుంది, సరిచూసుకోమన్నాను. ఆమె చూసి తారీఖు సరిగ్గానే ఉందంది. అయితే హెచ్చరిక కింద చిన్న అక్షరాల్లో ముందుకు వెళ్లే దారి ఉంటుంది, అది నొక్కి లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ కొట్టమన్నాను. ఆమె కొట్టనంది.

“అట్ల పోవద్దని మాకు చెప్పిన్రు మేడం. పోయిన నెల వేరే సైటుల ఇట్లనే వస్తే మా సార్ ఒకాయన పాస్‌వర్డ్ కొట్టిండు. అది దొంగ పేజీ అయింది.”

నేను కంపెనీ ఆఫీసర్ని, ఆ పేజీ చేసింది నేనే, నేనే చెబుతున్నాను కదా అన్నాను. గొంతు కొంచెం పెంచే అన్నాను.

“మీరు ఆఫీసరే కావచ్చు మేడం. ఫోన్‌ల మాట్లాడేది మీరేనని నాకు ఎట్ల ఎరుక?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ప్రపంచంలో సర్టిఫికెట్లు పుట్టాయి. ఆ క్షణంలో నాకది తట్టలేదు. మొండి మనిషి అనుకున్నాను. మీ కంప్యూటర్ విభాగంతో మాట్లాడుకోండి, లోపం మీ వైపుది అని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆమె వెనకాల ఎవరైనా రోగి ఉన్నారా అని నేను అడగలేదు. తొమ్మిదింటికి కొత్త మస్టర్ మెషీన్ల మీద మీటింగు ఉంది. ఫోను మోగకుండా చేసి వెళ్లాను.

మీటింగు పదకొండున్నరకు ముగిసింది. బయటికొచ్చి చూస్తే తెలియని నంబరు నుంచి ఆరు కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే ఒక ఆడమనిషి ఎత్తింది. పేరు సరిత. మా కంపెనీలోనే మైనింగ్ సర్దారుగా చేసి రిటైరైన పోచయ్య గారి కూతురు. ఆమె ఏడవలేదు, అరవలేదు. అలసిపోయిన గొంతుతో చెప్పింది.

“మేడం, మీ నంబరు కౌంటర్ల అడిగి తీస్కున్న. మా బాపుకు ఎనిమిదింటికి డయాలిసిస్ ఉండె. కాయితం చేతుల ఉన్నది, కంప్యూటర్ల వస్తలేదంటున్నరు. నిన్న ఆదివారం గూడ లేకపాయె. ఇప్పుడు దమ్మొస్తున్నది, పండుకుంటలేడు.”

మూత్రపిండాలు పనిచేయని మనిషికి డయాలిసిస్ ఆలస్యమైతే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని నాకు అప్పటికి వివరంగా తెలియదు. దమ్ము, అంటే ఆయాసం, అన్న మాట మాత్రం అర్థమైంది. నేను మొదట చేసిన పని కంప్యూటర్ ముట్టుకోవడం కాదు. ఏరియా హాస్పిటల్ సూపరింటెండెంట్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆయన వెంటనే అవతలి ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడారు. ప్రింటు తర్వాత వస్తుంది, నా మాట మీద మొదలుపెట్టండి అన్నారు. పోచయ్యను అత్యవసర విభాగంలోకి తీసుకున్నారు. ఆ ఒక్క ఫోను ఎనిమిదిన్నరకే చేసి ఉండవచ్చు. మూడు గంటలు పోయింది అక్కడే.

తర్వాత, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, నా సెల్‌ఫోన్‌లో ఆఫీసు వైఫై తీసేసి, బయటి నెట్‌వర్కు మీద ఆ పేజీ తెరిచాను. తెర ఎర్రబడింది. సర్టిఫికెట్ గడువు ఆ తెల్లవారుజామునే అయిపోయిందని రాసి ఉంది.

పొద్దున నాకు బాగా కనిపించిందెందుకో అప్పుడు అర్థమైంది. ఆఫీసు లోపలి కంప్యూటర్లు బయటి దారిన వెళ్లవు. లోపలి చిరునామాతో నేరుగా సర్వర్‌ను చేరతాయి. ఆ దారిలో సర్టిఫికెట్ అడిగేవాళ్లు లేరు. నేను చూసింది ఇంటి పెరటి తలుపు. జనం వచ్చేది వీధి తలుపున.

మరి ఫైల్లో రెండు నెలల గడువు కనిపించిందేమిటి? దానికీ కారణం దొరికింది. నెల రోజుల కిందట స్క్రిప్టు వేళకే లేచి, కొత్త సర్టిఫికెట్ తెచ్చి, ఫోల్డర్‌లో సరిగ్గానే పెట్టింది. దాన్ని చదువుకొమ్మని సర్వర్‌కు చెప్పింది కూడా. కానీ సర్వర్ కొత్తది చదువుకునే ముందు తన సెట్టింగుల ఫైలు మొత్తం సరిచూసుకుంటుంది. అందులో ఎక్కడైనా ఒక్క తప్పున్నా చదవనని చెప్పి, పాతదానితోనే నడుస్తూ ఉంటుంది. అంతకు వారం ముందు నేను క్వార్టర్ల మరమ్మతుల ఫిర్యాదు పేజీ కోసం ఆ ఫైల్లో కొన్ని వాక్యాలు రాస్తూ, సివిల్ విభాగం వాళ్లు మార్పులు అడగడంతో సగంలో వదిలేశాను. ఒక వాక్యం చివర సెమికోలన్ పెట్టలేదు. సర్వర్ చదవనంది. స్క్రిప్టు ఆ జవాబు వినలేదు. వినమని నేను రాయలేదు. పని పూర్తయిందని లాగ్‌లో రాసి పడుకుంది. మర్నాటి నుంచి రోజూ ఫోల్డర్‌లోని కొత్త సర్టిఫికెట్‌ను చూసి, అంతా బాగుందని రాస్తూ వచ్చింది. జనానికి అందుతున్నది పాతది. దాని గడువు రోజురోజుకూ తరుగుతోంది. ముప్ఫై రోజుల పాటు ముప్ఫై వాక్యాలు రాసింది. చూడబోతే ఒక్కటీ అబద్ధం కాదు. ఏదీ పనికొచ్చే నిజమూ కాదు.

సెమికోలన్ పెట్టి, సర్వర్‌ను మళ్లీ చదివించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. సంధ్యకు నేనే ఫోన్ చేశాను. ఆమె పేజీ తెరిచి, ఇప్పుడు బాగుందని, ప్రింటు తీసుకున్నానని చెప్పింది. పొద్దుటి విషయం ఎత్తలేదు. పోచయ్యను ఒంటిగంటకు డయాలిసిస్ మెషీన్ మీద పెట్టారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినందున రెండు రోజులు ఐసీయూలో ఉంచి ఇంటికి పంపారు.

ఇలాంటిది జరిగితే ఏజీఎంకు సంఘటన నివేదిక ఇవ్వాలి. మా ఏజీఎం మంచి మనిషి, నా రిటైర్మెంటు దగ్గర పడిందని తెలిసినవారు. ‘సాంకేతిక లోపం తలెత్తినది, సరిచేయబడినది’ అని రెండు ముక్కలు రాసివ్వండి చాలు, ఎవరూ ఇంతకంటే అడగరు అన్నారు. నిజమే, అడగరు. ఆ రెండు ముక్కలు టైపు చేశాను కూడా. తర్వాత, ఆ వాక్యంలో కర్త లేడని గమనించాను. లోపం తనంతట తానే తలెత్తినట్టూ, తనంతట తానే సరైనట్టూ ఉంది. దాన్ని తీసేసి, స్క్రిప్టు నాది, సెట్టింగుల్లో తప్పు నాది, కౌంటర్ ఉద్యోగినికి హెచ్చరికను దాటి వెళ్లమని తప్పుడు సలహా ఇచ్చింది నేను, ఆమె నిరాకరించడం సరైన పని అని రాశాను. దానికి ఫలితంగా సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. జవాబిచ్చాను. చివరికి ఇకపై జాగ్రత్తగా ఉండాలని ఒక లేఖ నా సర్వీసు ఫైల్లో చేరింది. అంతకుమించి ఏమీ కాలేదు.

నివేదిక ఇచ్చిన వారం ఆఖర్న పోచయ్య ఇంటికి వెళ్లాను. కొడుకుకు కేటాయించిన కంపెనీ క్వార్టర్లో ఉంటున్నారు. బయట ఎండ మండిపోతోంది. లోపల కూలరు ముందు మంచం మీద పడుకుని ఉన్నాడాయన. బక్కపలచని మనిషి, చేతికి డయాలిసిస్ సూదులు గుచ్చే చోట నరం ఉబ్బి ఉంది. సరిత మంచినీళ్లిచ్చింది. నేను ఎవరో చెప్పి, ఆ రోజు జరిగింది నా తప్పని చెప్పాను. కంప్యూటర్ల మాటలు వదిలేసి, ఒక పని అయిందని కాగితం మీద రాసి ఉంటే అయిందనుకున్నాను, కాలేదు అన్నాను. 

నేను చెప్పింది ఆయనకు అర్థం కాదేమో అనుకున్నాను. 

“అయిందని రాసింది ఎవలు?” అని అడిగాడు. 

నేను రాసిపెట్టిన యంత్రమే అన్నాను.

“అది పోయి సూసిందా?”

లేదు, దగ్గరున్న కాగితం చూసి రాసింది అన్నాను.

అప్పుడు ఆయన తన ఉద్యోగం గురించి చెప్పాడు. మైనింగ్ సర్దారంటే గనిలో తన జిల్లాకు, అంటే తనకు అప్పగించిన భాగానికి, బాధ్యుడు. షిఫ్టు కూలీలు లోపలికి రాకముందే బొగ్గు తీసే ప్రతి చోటికీ (దాన్ని మొఖం అంటారు) తాను ముందు నడిచివెళ్లి, పైకప్పు తట్టి చూసి, దీపంతో గ్యాసు ఉందేమో చూడాలి. అంతా బాగుంటేనే మనుషులను రానివ్వాలి. పైకి వచ్చాక పుస్తకంలో రాయాలి.

“బుక్కు బయట ఉంటది బిడ్డా. బుక్కుల ఏమైన రాయొచ్చు. గందుకనే మేం లోపల, బొగ్గు మొఖం కాడనే, సుద్దతోని తారీఖేసి సంతకం పెడ్తం. మా మేనేజర్ బుక్కు సూడకపోయెటోడు. మొఖం కాడికి పోయి సుద్ద సూసేటోడు.”

ఎన్నడైనా చూడకుండా రాశారా అని అడిగాను. అడగకూడని ప్రశ్నే. ఆయన దాచుకోలేదు. 

“ఒక్కపారి రాసిన. పానం బాగలేకుండె, ఆఖరి మొఖం కాడికి పోలె. రోజూ మంచిగనే ఉంటది కదా అనుకున్న. గ పూటనే కప్పు నుంచి బండ ఊడింది. షిఫ్టోళ్లు ఇంక లోపలికి రాలే గనుక ఎవ్వలకు ఏం కాలె. అటెన్క ముప్పై ఏండ్లు చేసిన, మల్ల ఎన్నడు రాయలె.”

వచ్చేటప్పుడు సరిత గేటు దాకా వచ్చింది. వచ్చే సోమవారం కూడా పేజీ తెరుచుకుంటుందా అని అడిగింది. తెరుచుకుంటుందని చెప్పబోయి ఆగాను. పొద్దున ఏడింటికి నేనే బయటి ఫోన్ మీద చూసి, నీకు ఫోన్ చేస్తాను అన్నాను. స్క్రిప్టు సరిచేయడం పూర్తయ్యేదాకా, ఆయన డయాలిసిస్ ఉన్న ప్రతిరోజూ అలాగే చేశాను.

ఆ పనికి మూడు వారాలు పట్టింది. సర్వర్ చెప్పే జవాబును వినడం, కాదంటే ఆగి కేక పెట్టడం, ఇవి మొదటి రోజే చేర్చాను. కేక అంటే ఫోన్లకు సందేశం. అది నా ఒక్కదాని ఫోనుకు కాక, సిస్టమ్స్ అధికారికి, హాస్పిటల్ సూపరింటెండెంట్‌కు, రిఫరల్ గుమాస్తాకు వెళ్లేలా పెట్టాను. ఆ నంబర్లు మనిషివి కావు, కుర్చీవి. మనుషులు బదిలీ అవుతారు. ఇంకొకటి, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ వారంలో ఇన్నిసార్లే ఇస్తానని పరిమితి పెడుతుంది. కాబట్టి ప్రయోగాలన్నీ వాళ్లే ఇచ్చే ఉత్తుత్తి సర్టిఫికెట్ల మీద చేసుకున్నాను.

అసలు కష్టం ‘పోయి చూడటం’ దగ్గర వచ్చింది. పని అయ్యాక స్క్రిప్టు తానే ఒక కొత్త మనిషిలా పేజీని తెరిచి, తనకు చూపించిన సర్టిఫికెట్ నంబరు ఫోల్డర్‌లోని నంబరుతో కలిసిందో లేదో చూడాలి. అది రాశాక పరీక్షించడానికి, విడిగా ఒక పరీక్ష సర్వర్లో కావాలనే ఒక సెమికోలన్ తీసేసి, జవాబు వినే వాక్యాన్ని కూడా కొంతసేపు పక్కన పెట్టాను. కేక రావాలి. రాలేదు. అంతా బాగుందని రాసింది. గంటసేపు వెతికితే తెలిసింది, స్క్రిప్టు కూడా నాలాగే పెరటి తలుపున వెళ్లి చూస్తోంది. ఆ దారిన సర్టిఫికెట్ అసలు రాదు, పోల్చడానికి ఏమీ లేకపోతే తేడా లేదన్నట్టే అది లెక్కవేసింది. సర్వర్లోనే కూర్చున్న స్క్రిప్టుకు వీధి తలుపు కనిపించదు.

అందుకని చూసేవాడిని బయట కూర్చోబెట్టవలసి వచ్చింది. కాసిపేటలోని మా కంపెనీ డిస్పెన్సరీలో, ఊళ్లోవాళ్లు వాడే మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద నడిచే పాత కంప్యూటర్ ఒకటి ఉంది. మా నెట్‌వర్కుతో దానికి సంబంధం లేదు. ఫార్మసిస్టును అడిగి, ఏజీఎం అనుమతి తీసుకుని, అందులో ఒక చిన్న స్క్రిప్టు పెట్టాను. అది రోజుకు రెండుసార్లు జనం వచ్చే దారినే మా పేజీకి వచ్చి, సర్టిఫికెట్ గడువు చదివి, తారీఖుతో సహా నాకు పంపేది. ఇరవై రోజుల లోపు ఉన్నా కేక, అసలు పేజీ తెరుచుకోకపోయినా కేక. ఒక పూట దాని నుంచి కబురు రాకపోతే, రాలేదని ఇక్కడి సర్వర్ కేక పెట్టేది. మళ్లీ పరీక్ష సర్వర్లో గడువు దగ్గరపడ్డ పాత సర్టిఫికెట్ ఉంచి, సెమికోలన్ తీసేసి, ఈసారి కాసిపేట కంప్యూటర్‌ను దానివైపు తిప్పి వెంటనే చూడమన్నాను. పది నిమిషాల్లో మూడు ఫోన్లూ మోగాయి. సూపరింటెండెంట్ కంగారుపడి ఫోన్ చేశారు. పరీక్ష అని ముందే చెప్పనందుకు క్షమించమన్నాను. చెప్పి ఉంటే అది పరీక్ష కాదు.

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ కేక నిజంగా రెండుసార్లు వచ్చింది. ఒకసారి ఆడిట్ తర్వాత, నెట్‌వర్కుకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో కొత్త సర్టిఫికెట్ వచ్చే దారి మూసేసి మాకు చెప్పనప్పుడు, ఒకసారి కాసిపేటలో వానకు కేబుల్ తెగినప్పుడు. మొదటిసారి కౌంటర్లో ఎవరికీ ఎర్ర తెర కనిపించకముందే మాకు తెలిసింది, రెండోసారి చూసేవాడే చూడటం లేదని తెలిసింది. పోచయ్య గారు వారానికి మూడుసార్లు కరీంనగర్ వెళ్లి వస్తూనే ఉన్నారు.

రిటైరయ్యే నెలలో నా స్థానంలోకి వచ్చిన అధికారికి బాధ్యతలు అప్పగించాను. అప్పగింతల కాగితంలో స్క్రిప్టు ఎలా పనిచేస్తుందో నాలుగు పేజీలు రాశాను. అయితే సంతకాలు చేసే ముందు, పరీక్ష సర్వర్‌ను చూపించి, దాన్ని మీకు తోచినట్టు చెడగొట్టండి, ఎక్కడ చెడగొట్టారో నాకు చెప్పకండి అన్నాను. ఆయన ఒక పూటంతా దానితో కూర్చున్నాడు. కేక వచ్చాకే ఇద్దరం సంతకాలు చేశాం. మూడు నెలలకోసారి అలా చేయాలని ఆ కాగితంలో చివరి వాక్యంగా రాశాను.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లు నన్ను అడిగితే చెప్పేది ఇంతే. మనిషి చేయవలసిన పనిని యంత్రానికి అప్పగించవచ్చు. ఆ పని అయిందో లేదో చూసే పనిని మాత్రం ఆ యంత్రానికే అప్పగించకూడదు. చూడటమంటే మన బల్ల దగ్గర చూడటం కాదు, వాడుకునేవాళ్లు నిలబడిన చోట నిలబడి చూడటం. అవతలివాళ్లు తమకు ఒకటి కనిపిస్తోందని చెప్పినప్పుడు, మనకు కనిపించడం లేదన్నది జవాబు కాదు.